తలుపు తట్టే హక్కు

తెల్లవారకముందే ఎవరైనా తలుపు తడితే మనం పాలవాడనుకుంటాం. లేదా రాత్రి బండికి ఊరి నుంచి వచ్చిన చుట్టం అనుకుంటాం. పెద్ద పోటీలలో ఆడే క్రీడాకారుల ఇళ్ళలో మాత్రం ఆ చప్పుడికి మరో అర్థం ఉంది. గుమ్మంలో నిలబడినవాడు ఉత్ప్రేరకాల పరీక్షాధికారి కావచ్చు. గుర్తింపు కార్డు చూపించి, మూత్రం నమూనా ఇప్పుడే కావాలంటాడు. ఇచ్చేటప్పుడు పక్కనే నిలబడి కళ్ళతో చూస్తాడు. అలా చూడటం అతని ఉద్యోగ ధర్మం. నడుము దగ్గర బట్టలు తొలగించి, అడ్డు లేకుండా చూడనివ్వాలన్నది నిబంధన. ఆడవారి దగ్గరికి ఆడ అధికారి వస్తుంది. అంతే తేడా.

ఇంత కఠినం ఎందుకని అడిగితే దానికీ ఒక కథ ఉంది. 1978లో ఫ్రాన్సు చుట్టూ జరిగే సైకిల్ పందెంలో బెల్జియంకు చెందిన మిషెల్ పొలెంతియే ఒక కొండదారి పోటీ గెలిచి, అగ్రస్థానపు పసుపు చొక్కా తొడుక్కున్నాడు. పరీక్ష గదిలో చూస్తే, ఒంటికి రబ్బరు తిత్తి కట్టుకొని మరొకరి మూత్రం అందులో దాచుకొని వచ్చాడని తేలింది. అతన్ని పందెం నుంచి పంపేశారు. ఒకడు చేసిన మోసానికి, ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా పరాయి కళ్ళ ముందు నిలబడవలసి వచ్చింది.

మోసగాణ్ణి పట్టుకోవాలంటే నిజాయితీపరుడి తలుపు కూడా తట్టాలి. తట్టే హక్కు ఎవరిచ్చారు? ఎంతవరకు ఇచ్చారు? లోపల చూసినదాన్ని ఎవరికి చెప్పవచ్చు? క్రీడా సంస్థల నియమాలు ఒక జవాబు చెబుతాయి. దేశాల గోప్యతా చట్టాలు మరొకటి చెబుతాయి. ఆ రెండింటి పెనుగులాట చరిత్రలో మన దేశానికీ, మన తెలుగు న్యాయమూర్తి ఒకరికీ కూడా స్థానం ఉంది.

ముంబయిలో ఒక నిరాకరణ

2009 ఆగస్టు 2న ముంబయిలో భారత క్రికెట్ బోర్డు సమావేశమైంది. అంతర్జాతీయ క్రికెట్ సంఘం 2006లోనే ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక సంస్థ నియమావళిపై సంతకం చేసింది. ఆ సంస్థనే పొడి అక్షరాలు కలిపి 'వాడా' అంటారు. నియమావళి ప్రకారం ఎంపిక చేసిన ఆటగాళ్ళు మూడు నెలలకొకసారి తమ ఆచూకీ ముందుగా రాసివ్వాలి. ఏ రోజు ఏ ఊళ్ళో, ఏ ఇంట్లో ఉంటారో చెప్పాలి. 2009 నాటి నియమం ప్రకారం ఉదయం 6 నుంచి రాత్రి 11 లోపల రోజుకొక గంట పేర్కొని, ఆ గంటలో చెప్పినచోట ఉండితీరాలి. పద్దెనిమిది నెలల్లో మూడుసార్లు తప్పితే, మందు వాడినా వాడకపోయినా నిషేధం పడవచ్చు. ఆ గడువును 2015లో పన్నెండు నెలలకు తగ్గించారు.

మన క్రికెటర్లు ఆ కాగితాల మీద సంతకం చేయలేదు. బోర్డు వాళ్ళ పక్షాన నిలబడింది. పోటీలు లేని రోజుల్లో కూడా పరీక్షలకు అభ్యంతరం లేదనీ, ముందుగా ఆచూకీ చెప్పమనడమే తప్పనీ వాదించింది. కొందరు ఆటగాళ్ళకు ప్రాణభయం ఉంది, పోలీసు రక్షణ ఉంది, ఎప్పుడెక్కడ ఉంటారో కాగితం మీద పెట్టలేరన్నది ఒక కారణం. పౌరుడి ఆంతరంగికతకు మన రాజ్యాంగం హామీ ఇచ్చిందన్నది రెండో కారణం.

మొదటి కారణాన్ని కొట్టిపారేయలేం. రెండోది మాత్రం చట్టం చదివినవాళ్ళను ఆలోచనలో పడేసింది. ఎందుకంటే 2009 నాటికి మన సుప్రీంకోర్టు పెద్ద ధర్మాసనాలు చెప్పిన మాట దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఖరక్ సింగ్ ఇంటి తలుపు

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కాని పోలీసులు అతని పేరున ఒక చరిత్ర పత్రం తెరిచారు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, అతని మీద నిఘా మాత్రం పోలేదు. చౌకీదార్లూ కానిస్టేబుళ్ళూ రాత్రివేళ వచ్చి తలుపు బాదేవారు, కేకలు పెట్టి నిద్ర లేపేవారు. ఊరు దాటితే ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పాలి. వెళ్ళిన చోట మళ్ళీ అక్కడి పోలీసులు చూస్తారు.

అతను సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1962 డిసెంబరులో తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటి మీదికి రావడం చెల్లదని అందరూ ఒప్పుకున్నారు. మిగిలిన నిఘా విషయంలో మాత్రం అధిక సంఖ్యాకులు, ఆంతరంగికత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని తేల్చారు. 1954లో మరో కేసులో ఎనిమిదిమంది న్యాయమూర్తులు ఇంచుమించు అదే చెప్పి ఉన్నారు.

ఇద్దరు న్యాయమూర్తులు విభేదించారు. ఆ భిన్నాభిప్రాయం రాసినవారు కోకా సుబ్బారావు, ఆయనతో కలిసినవారు జె.సి. షా. సుబ్బారావు రాజమండ్రిలో పుట్టారు, మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు, 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన వాదం సూటిగా ఉంటుంది. కాళ్ళకు సంకెళ్ళు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదు. వెనక ఒక నీడ వెంటాడుతున్నదని తెలిసినవాడి మనసుకు సంకెల పడినట్టే. అలాంటివాడికి దేశమంతా జైలే అవుతుంది. ఆంతరంగికత అన్న మాట రాజ్యాంగంలో విడిగా లేకపోయినా, వ్యక్తిస్వేచ్ఛలో అది అంతర్భాగమని ఆయన తేల్చారు.

భిన్నాభిప్రాయం అమలు కాదు, పుస్తకంలో ఉంటుంది. తర్వాత చిన్న ధర్మాసనాలు కొన్ని ఆ దారి పట్టాయి. 1994లో తమిళనాడులో ఆటో శంకర్ ఆత్మకథ ప్రచురణ వివాదంలో, తన మానాన తనను వదిలేయమనే హక్కు పౌరుడికి ఉందని సుప్రీంకోర్టు అన్నది. అయినా పెద్ద ధర్మాసనం మాట తలమీద అలాగే నిలిచి ఉంది. 2009లో క్రికెట్ బోర్డు రాజ్యాంగం పేరు ఎత్తినప్పుడు, తెలిసి ఎత్తినా తెలియక ఎత్తినా, దానికి ఆధారం అధికసంఖ్యాకుల తీర్పులో లేదు. సుబ్బారావు భిన్నాభిప్రాయంలో ఉంది.

అయితే ఇక్కడ ఒక తేడా చూడాలి. ఖరక్ సింగ్ తన తలుపు తట్టమని ఎవరికీ సంతకం చేసివ్వలేదు. క్రీడాకారుడు చేసిచ్చాడు, లేదా చేసివ్వమంటున్నారు. కథంతా ఆ సంతకం చుట్టూనే తిరుగుతుంది.

చప్పుడు ఎందుకు అవసరమైంది

వాడావారి వైపు కూడా వినాలి. ఒకప్పుడు పందెం ముగిశాక గెలిచినవాడిని పరీక్షిస్తే చాలనుకున్నారు. 1990ల నాటికి అది పనికిరాకుండా పోయింది. మూత్రపిండాల జబ్బువారికి రక్తం పట్టడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ అనే మందును సైకిల్ పందెగాళ్ళు ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. మందు జాడ కొద్దిరోజుల్లోనే శరీరం నుంచి పోతుంది, దానివల్ల పెరిగిన ఎర్రకణాలు మాత్రం వారాల తరబడి పనిచేస్తాయి. పోటీనాడు పరీక్షిస్తే దొరికేదేమీ ఉండదు. పైగా ఆ మందుకు ఒలింపిక్స్‌లో పరీక్ష వచ్చిందే 2000లో, సిడ్నీలో.

1998 జులైలో ఫ్రాన్సు, బెల్జియం సరిహద్దు దగ్గర కస్టమ్స్ వాళ్ళు ఫెస్తినా జట్టు కారు ఆపి, అందులో మందుల గుట్ట పట్టుకున్నారు. ప్రయోగశాలలు ఏళ్ళ తరబడి పట్టలేనిదాన్ని సరిహద్దు కాపలావాళ్ళు ఒక్క ఉదయంలో పట్టారు. ఆ అవమానంలోంచే 1999 నవంబరులో లోజాన్‌లో వాడా పుట్టింది. దాని ప్రధాన కార్యాలయం తర్వాత కెనడాలోని మాంట్రియల్‌కు వెళ్ళింది. నియమావళి 2004 నుంచి అమలయింది.

2007లో అదే ఫ్రెంచి పందెంలో డెన్మార్క్‌వాడు మైకేల్ రాస్ముసెన్ పసుపు చొక్కాతో, గెలుపు అంచున ఉన్నాడు. పందెానికి ముందు మెక్సికోలో ఉంటానని రాసిచ్చిన మనిషి ఇటలీ కొండల్లో సాధన చేస్తుండగా ఒకరు చూశారని బయటపడింది. అబద్ధమాడినందుకు సొంత జట్టే అతన్ని పందెం మధ్యలో తీసేసింది. ఉత్ప్రేరకాలు వాడిన మాట నిజమేనని 2013లో ఒప్పుకున్నాడు. ఆచూకీ కాగితమే లేకపోతే ఆ అబద్ధం అబద్ధంగా కూడా నమోదయ్యేది కాదు.

కాబట్టి ముందు చెప్పకుండా తలుపు తట్టక తప్పదన్న వాదనలో బలం ఉంది. కాని వాడా ప్రభుత్వం కాదు. అది స్విట్జర్లాండ్ చట్టం కింద ఏర్పడిన ప్రైవేటు ప్రతిష్ఠానం. ఏ దేశపు పౌరుడి ఇంటికీ వెళ్ళే అధికారం దానికి స్వతహాగా లేదు. ఆ కొరత తీర్చడానికి 2005లో యునెస్కో ఒక అంతర్జాతీయ ఒప్పందం చేసింది. అది 2007లో అమల్లోకి వచ్చింది. మన దేశమూ అదే ఏడు చేరింది. ఒప్పందం ప్రభుత్వాలను కట్టివేస్తుందే గాని, దేశదేశాల గోప్యతా చట్టాలను రద్దు చేయదు. పేచీ అక్కడ మొదలైంది.

ఐరోపా అడిగిన ప్రశ్న

ఐరోపాలో వ్యక్తిగత సమాచారం మీద కట్టుదిట్టమైన చట్టాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రభుత్వ రిజిస్టర్లలోని పేర్లు ఎలా మృత్యుపత్రాలయ్యాయో ఆ నేల మరచిపోలేదు. ఐరోపా సమాజపు సమాచార రక్షణాధికారుల సంఘం 2008లోను, 2009లోను వాడా పద్ధతులను పరిశీలించి అభిప్రాయాలు వెల్లడించింది. ఐరోపా క్రీడాకారుల ఆచూకీ, వైద్య వివరాలు కెనడాలోని యంత్రాల్లో ఎందుకుండాలి? ఎన్నేళ్ళు ఉంచుతారు? శిక్షపడిన ప్రతివాడి పేరూ లోకానికంతకూ ప్రకటించడం అవసరమా? ఇవి వారి ప్రశ్నలు.

వాటికన్నా లోతైన ప్రశ్న సంతకం గురించి. క్రీడాకారుడు తన సమ్మతితోనే వివరాలిస్తున్నాడని వాడా అంటుంది. ఇవ్వనంటే ఏమవుతుంది? ఆట పోతుంది, బతుకుతెరువు పోతుంది. కాదనే వీలు లేని చోట అవునన్న మాటకు విలువేమిటని ఆ సంఘం అడిగింది. అది న్యాయమైన ప్రశ్నే. అప్పిచ్చినవాడి ఇంట్లో తెల్లకాగితం మీద వేలిముద్ర వేసిన రైతు కథలు మనకు కొత్తకాదు. వేలిముద్ర నిజమే, వేసినవాడూ నిజమే. దాన్ని సమ్మతి అందామా?

2009 జనవరిలో బెల్జియంలో అరవై అయిదుమంది క్రీడాకారులు ఆచూకీ నిబంధన మీద న్యాయపోరాటం మొదలుపెట్టారు. ఫ్రాన్సులో క్రీడాకారుల సంఘాలూ, తొంభై తొమ్మిదిమంది ఆటగాళ్ళూ, సైకిల్ పందేలలో ప్రసిద్ధురాలైన జానీ లొంగో వేర్వేరుగా యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం దాకా వెళ్ళారు. 2018 జనవరి 18న తీర్పు వచ్చింది. ఆచూకీ నిబంధన ఆంతరంగిక జీవితంలో చొరబాటేనని న్యాయస్థానం ఒప్పుకుంది. అయితే ఆటగాళ్ళ ఆరోగ్యం కోసం, పోటీలో న్యాయం కోసం ఆ చొరబాటు అవసరమనీ, దాన్ని సడలిస్తే మందుల బెడద పెరుగుతుందనీ, కనుక హక్కు ఉల్లంఘన జరగలేదనీ ఏకగ్రీవంగా చెప్పింది.

క్రీడాకారులు ఓడిపోయారు. కాని ఆ ఓటమిలో ఒక లాభం ఉంది. అక్కడ న్యాయస్థానం తూచింది క్రీడాకారుడి సంతకాన్ని కాదు. ఫ్రాన్సు దేశపు చట్టాన్ని. ఆ చట్టం హద్దులు గీసిందా, నష్టపోయినవాడు కోర్టుకు వెళ్ళే దారి ఉందా అని చూసింది. ఉన్నాయి కనుకనే ఒప్పుకుంది.

మాడ్రిడ్ రక్తపు సంచులు

ఇంతవరకు చదివితే గోప్యత ఎప్పుడూ బలహీనుడి పక్షాన ఉంటుందనిపిస్తుంది. ఉండదు. దానికి మాడ్రిడ్ సాక్ష్యం.

2006 మే 23న స్పెయిన్ పోలీసులు యుఫేమియానో ఫ్యూంతెస్ అనే డాక్టరుకు సంబంధించిన చోట్ల సోదా చేశారు. శీతలపెట్టెల్లో రెండువందలకు పైగా రక్తపు సంచులు దొరికాయి. క్రీడాకారుల రక్తం ముందుగా తీసి దాచి, పోటీ సమయానికి తిరిగి ఎక్కించడం అక్కడ జరిగే పని. సంచుల మీద అసలు పేర్లు లేవు, సంకేతాలూ మారుపేర్లూ ఉన్నాయి. ఉత్ప్రేరకాల వాడకం స్పెయిన్‌లో అప్పటికి నేరం కాదు. ఆ చట్టం అదే ఏడు నవంబరులో వచ్చింది. అందుచేత డాక్టరు మీద ప్రజారోగ్యానికి హాని చేశాడన్న అభియోగం మాత్రమే పెట్టగలిగారు.

వాడా, సైకిల్ సంఘం ఆ సంచులు తమకిమ్మని అడిగాయి. స్పెయిన్ కోర్టులు ఇవ్వలేదు. 2007లో జర్మనీ ప్రాసిక్యూటర్లు యాన్ ఉల్‌రిక్ జన్యు నమూనాను తొమ్మిది సంచులతో పోల్చి సరిపోయిందన్నారు. 2008 జులైలో ఫ్రెంచి పందెం ఇటలీలో అడుగుపెట్టినప్పుడు ఇటలీవాళ్ళు స్పెయిన్ పందెగాడు అలెహాంద్రో వాల్వెర్దే రక్తం తీసుకొని, అంతకుముందు సంపాదించిన ఒక సంచితో పోల్చారు. సరిపోయింది. ఆ సాక్ష్యం వాడకూడదని స్పెయిన్ జడ్జి అన్నాడు. లోజాన్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం వాడవచ్చన్నది. 2010లో వాల్వెర్దేకు రెండేళ్ళ నిషేధం పడింది. ఒకే సంచి, ఒకే రక్తం. సరిహద్దు ఇవతల రహస్యం, అవతల సాక్ష్యం.

2013లో మాడ్రిడ్‌లో విచారణ జరిగింది. ఖాతాదార్లందరి పేర్లూ చెబుతానని డాక్టరే ముందుకొచ్చినా, చెప్పనవసరం లేదని జడ్జి అన్నారు. ఏప్రిల్ 30న అతనికి ఏడాది శిక్ష వేసి, దాన్ని అమలు కాకుండా నిలిపి, 211 సంచులనూ ధ్వంసం చేయమని తీర్పిచ్చారు. సంచులవాళ్ళ ఆంతరంగికత కాపాడాలన్నది కారణం. అప్పీళ్ళ వల్ల సంచులు బతికాయి. 2016 జూన్‌లో పై కోర్టు, రక్తం అప్పటి చట్టం ప్రకారం మందు కాదని డాక్టరును నిర్దోషిగా వదిలేసింది, సంచులను మాత్రం క్రీడా సంస్థలకు అప్పగించమంది. వాటిని పోల్చి పదకొండుమందిని గుర్తుపట్టామని 2019లో వాడా చెప్పింది. కాని చర్యకు గడువు దాటిపోయింది. పేర్లు బయటపెట్టలేదు.

పదమూడేళ్ళు గోప్యత ఎవరిని కాపాడింది? మందు ముట్టకుండా, మూడోస్థానంలోనో ముప్ఫయ్యో స్థానంలోనో మిగిలిపోయిన పందెగాడిని కాదు. అతని పేరు ఏ సంచి మీదా లేదు, ఏ చరిత్రలోనూ లేదు. ఆ సంచులమ్మిన వ్యాపారాన్ని కాపాడింది. మనిషి ఒంటి రహస్యం వేరు, ఒంటితో చేసిన వ్యాపార రహస్యం వేరు. స్పెయిన్ కోర్టు మొదట ఈ రెంటినీ ఒక్కటి చేసి చూసింది.

మాట తప్పిన చోటు

మాడ్రిడ్‌లో రహస్యం ఎక్కువైతే, అమెరికాలో తక్కువైంది. అక్కడ బేస్‌బాల్ ఆటగాళ్ళ సంఘం 2002లో ఒక ఒప్పందానికి వచ్చింది. 2003లో అందరినీ పరీక్షించవచ్చు, ఎవరి పేరూ బయటికి రాకూడదు, ఎవరికీ శిక్ష ఉండకూడదు. దోషఫలితాలు నూటికి అయిదు దాటితే మరుసటి ఏడు నుంచి అసలు పరీక్షలు మొదలవుతాయి. లెక్క అయిదు దాటింది. పథకం సఫలమైంది.

2004 ఏప్రిల్‌లో ఫెడరల్ అధికారులు మరో కేసులో పదిమంది ఆటగాళ్ళ ఫలితాల కోసం వారంటు పట్టుకొని పరీక్షలు నడిపిన సంస్థకు వెళ్ళారు. కంప్యూటర్‌లో పదిమంది వివరాలతోపాటు మిగతా అందరివీ ఉన్నాయి. మొత్తం పట్టుకుపోయారు. పరీక్షలో పట్టుబడ్డ 104 మంది జాబితా అలా ప్రభుత్వం చేతికి చిక్కింది. వారంటులో లేనివారి వివరాలు తిరిగి ఇచ్చేయాలని అప్పీలు కోర్టు 2009లోను, సవరించి 2010లోను చెప్పింది. ఈలోగా 2009లోనే కొన్ని ప్రసిద్ధమైన పేర్లు పత్రికల్లోకి పాకాయి. పొక్కిన పేరును కోర్టు వెనక్కి తీసుకురాలేదు.

2016 సెప్టెంబరులో మరొకటి జరిగింది. ఆచూకీలూ వైద్య వివరాలూ దాచే వాడా కంప్యూటర్ భాండారంలోకి రష్యన్ చొరబాటుదార్లు ప్రవేశించి, జబ్బు కారణంగా అనుమతి తీసుకొని మందులు వాడుతున్న క్రీడాకారుల వివరాలు లోకం ముందు పరిచారు. ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన సిమోన్ బైల్స్ వాళ్ళలో ఒకరు. ఏ తప్పూ చేయని ఆ యువతి, చిన్నప్పటి నుంచీ తనకున్న ఏకాగ్రతా లోపాన్ని గురించి నలుగురికీ చెప్పుకోవలసి వచ్చింది. కెనడా యంత్రాల్లో మా వివరాలెందుకని ఐరోపావాళ్ళు ఎనిమిదేళ్ళ ముందు అడిగినప్పుడు, అది అతి జాగ్రత్త అనుకున్నవాళ్ళు అప్పుడేమనుకున్నారో.

మళ్ళీ మన గుమ్మంలోకి

2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి. 1954 నాటి మాట, ఖరక్ సింగ్ కేసులో అధికసంఖ్యాకుల మాట ఆ మేరకు చెల్లవని కోర్టు తోసిపుచ్చింది. యాభై అయిదేళ్ళు పుస్తకంలో నిద్రపోయిన సుబ్బారావు భిన్నాభిప్రాయం లేచి నిలబడింది.

అయితే కోర్టు ఆ హక్కుకు హద్దులు కూడా చెప్పింది. ప్రభుత్వం ఆంతరంగికతలోకి రావాలంటే చట్టం ఉండాలి, దానికి సరైన ప్రయోజనం ఉండాలి, చొరబాటు ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి, దుర్వినియోగం కాకుండా కట్టుబాట్లుండాలి. ఈ గీటురాయి మీద 2009 నాటి కొట్లాటను గీసి చూస్తే విచిత్రం బయటపడుతుంది. బోర్డు ఎత్తిన హక్కు సరైనదే. దాన్ని ఎత్తిన తీరు సరైనది కాదు. నిబంధనకు చట్టం ఏదీ, హద్దులేవీ అని అడిగి ఉంటే అది దేశంలోని క్రీడాకారులందరి పోరాటమయ్యేది. అప్పటికే మన కుస్తీవాళ్ళూ, బరువులెత్తేవాళ్ళూ, పరుగుపందెగాళ్ళూ అదే కాగితం నింపుతున్నారు. వాళ్ళ పక్షాన రాజ్యాంగం పేరు ఎత్తిన బోర్డు ఏదీ లేదు.

పదేళ్ళ తర్వాత, 2019 ఆగస్టులో, క్రికెట్ బోర్డు జాతీయ ఉత్ప్రేరక నిరోధక సంస్థ పరీక్షలకు ఒప్పుకుంది. దగ్గుమందులో ఉన్న నిషేధిత పదార్థం వల్ల ఒక యువ క్రికెటర్‌కు బోర్డే ఎనిమిది నెలల నిషేధం వేసిన కొద్దిరోజులకే ఇది జరిగింది. 2022లో జాతీయ ఉత్ప్రేరక నిరోధక చట్టం వచ్చింది. అంతవరకు రిజిస్టరయిన ఒక సొసైటీగా నడిచిన సంస్థకు శాసనం పునాది అయింది. క్రీడాకారుల వైద్య చరిత్ర, ఆచూకీ సేకరించే అధికారం చట్టంలోనే రాశారు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి అంటే స్వేచ్ఛగా, షరతు లేకుండా ఇచ్చినదే సమ్మతి అని ఆ చట్టం అంటుంది. ఆ కొలతతో చూస్తే క్రీడాకారుడి పాత సంతకం నిలవడం కష్టం. ఇక తలుపు తట్టేవాడు చూపించవలసింది సంతకాన్ని కాదు, శాసనాన్ని.

ఇదంతా కోట్లు గడించే క్రికెటర్ల గొడవ అనుకోవద్దు. 2023లో మన దేశంలో తీసిన 5,606 నమూనాలలో 213 దోషఫలితాలని వాడా లెక్క చెప్పింది. నూటికి 3.8. ఎక్కువ పరీక్షలు జరిపే దేశాలలో అంత నిష్పత్తి మరెక్కడా లేదు. ఆ సంఖ్యలో తెలిసి మోసం చేసినవాళ్ళున్నారు. ఉద్యోగం కోసం, రైల్వేలోనో పోలీసులోనో క్రీడల కోటా కోసం తెగించినవాళ్ళున్నారు. కోచ్ ఇచ్చిన పొడి ఏమిటో తెలియక మింగినవాళ్ళూ ఉంటారు. పేరు ఒకసారి పట్టీకెక్కితే ఊళ్ళో ఈ తేడాలు ఎవరూ అడగరు. పిల్లల విషయంలో, సరదాకు ఆడేవారి విషయంలో పేరు ప్రకటించి తీరవలసిన పని లేదని 2021 నియమావళి కొంత వెసులుబాటు ఇచ్చింది. అది ఐరోపాలో ఏళ్ళ తరబడి జరిగిన వాదులాటకు వచ్చిన ఫలం అనుకోవచ్చు. పేరు ప్రకటన సంగతి అక్కడ కూడా తేలలేదు. ఆస్ట్రియాలో ఒక క్రీడాకారిణి వేసిన కేసు ఐరోపా సమాఖ్య న్యాయస్థానానికి చేరితే, ప్రశ్న పంపినది అసలు కోర్టే కాదని 2024 మే 7న తిప్పి పంపారు.

ఈ చరిత్ర చదివాక నాకు తోచేది ఇది. గోప్యతా చట్టం, క్రీడా నియమం ఒకదానికొకటి శత్రువులు కావు. రెండూ హద్దు తెలియకపోతేనే శత్రువులవుతాయి. మాడ్రిడ్‌లో గోప్యతకు హద్దు లేకపోయింది, దొంగ దాక్కున్నాడు. అమెరికాలో సోదాకు హద్దు లేకపోయింది, ఇచ్చిన మాట గాలికిపోయింది. తలుపు తట్టవద్దని క్రీడాకారుడు అనలేడు. కాని ఏ చట్టం కింద తడుతున్నావు, ఏ వేళ తడుతున్నావు, చూసినదాన్ని ఎక్కడ దాస్తావు, ఎప్పుడు చెరిపేస్తావు, నువ్వు తప్పు చేస్తే నేనెవరికి చెప్పుకోవాలి అని అడిగే హక్కు అతనిది. ఖరక్ సింగ్ అడిగిందీ అదే.

కోకా సుబ్బారావు సైకిల్ పందేల గురించి ఆలోచించి ఆ తీర్పు రాయలేదు. పేరూ ఊరూ లేని ఒక మనిషి నిద్ర గురించి రాశారు. ఎక్కడో మారుమూల పల్లెలో పరుగు ప్రాక్టీసు చేసి, తెల్లవారుజామున తలుపు చప్పుడికి ఉలిక్కిపడి లేచే పద్దెనిమిదేళ్ళ పిల్లకు అది వర్తిస్తుంది. ఆమె తలుపు తీస్తుంది, తియ్యాలి. తీసినప్పుడు ఎదుట నిలబడినవాడి చేతిలో సీసాతోపాటు, తన హద్దులు రాసిన కాగితం కూడా ఉండాలి.